బావ చాచిన చెయ్యి

అనమ్ జాలి గుణం పాతనగరంలో వాళ్ల వీధి మొత్తానికీ తెలుసు. నాన్న కొట్టు ముందు పిల్లులకు పాలు పోసి తిన్న తిట్లకు లెక్కే లేదు. అలాంటి పిల్లకు, ఖర్మ కాకపోతే, దువ్వాడ అవతల కోతుల ల్యాబులో ఉద్యోగం దొరికింది.

అక్కడి ముసలి కోతికి కాపలాదారు దొరబాబు పెట్టుకున్న పేరు బావ. టీకా పరీక్షలతో బోనులోనే ముసలివాడయ్యాడు. ఇంక మిగిలింది ఒక్క పరీక్షే. ఒంట్లో రోగంతో పోరాడే కణాలకు కళ్లెం వేసే కణాలు కొన్ని ఉంటాయి. అవి బావ రక్తంలో ఉన్నాయని రెండుసార్లు చూపిస్తే చాలు, చెట్లున్న ఆశ్రయానికి పంపేస్తారు. వ్యాను శుక్రవారం వస్తుంది.

మొదటిసారి కనిపించాయి. రెండోసారికి బావ చెయ్యి కమిలిపోయి ఉంది. సూది గుచ్చడానికి అనమ్‌కు మనసొప్పలేదు. మొదటి రక్తంలో మిగిలిన కణాలు ఫ్రీజర్లో ఉంటే వాటినే కరిగించి, రంగు వేసి, మిషన్లో పెట్టింది.

తెర మీద ఆ కణాలు ఉండాల్సిన చోటు ఖాళీ. ఆ రకం కణాలు ఫ్రీజర్లో బతకవు. చదువుకున్న సంగతే, జాలిలో పడి మరిచిపోయింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

"ఒకసారి ఉన్నాయి, ఒకసారి లేవు. ఏది నమ్మమంటావ్?" అన్నాడు శుక్రవారం పొద్దున పెద్ద సైంటిస్టు గురునాథరావు.

అనమ్ దాచలేక నిజం చెప్పేసింది. చెబితే బావను వదిలేస్తాడనుకుంది.

"అయితే నువ్వు చేసిన మొదటిదాని మీదా నమ్మకం పోయింది. మళ్లీ మొదటినుంచీ చెయ్యి. ఈసారి వారం వారం, నా ఎదురుగా."

"వ్యాను వచ్చేసింది సార్..."

"వెనక్కి పంపెయ్."

ఆమె సూదుల ట్రే పట్టుకుని బోను దగ్గరికి వచ్చేసరికి దొరబాబు గేటు వైపే చూస్తున్నాడు.

"ఏటి మేడమ్, వ్యాను ఎల్లిపోతంది? బావని ఎక్కించొద్దేటి?"

అనమ్ ట్రే కింద పెట్టింది. ఆ రోజు గుచ్చి ఉంటే ఈపాటికి బావ గాజువాక దాటేవాడు.

ఆమెను చూడగానే బావ, గుచ్చాక ఆమె పెట్టే పల్లీల కోసం ఒక చెయ్యి, సూది కోసం ఒక చెయ్యి చువ్వల్లోంచి చాచాడు. కమిలిన చోటు ఇంకా మానలేదు.

"సూడండి మేడమ్, మీరొత్తే సాలు, అడక్కుండానే సెయ్యి సాపేత్తాడు," అన్నాడు దొరబాబు మురిపెంగా.

అనమ్ స్పిరిట్‌లో దూది ముంచింది.