ఎనిమిదిన్నర లక్షల మిగులు

ఏడాది లెక్కల్లో ఎనిమిదిన్నర లక్షలు మిగిలాయని తేలిన రోజు అధ్యక్షుడు కైలాసం ఆఫీసంతా జిలేబీ పంచాడు. ఆఫీసంటే ఎంత? రెండు కుర్చీలు, ఒక బీరువా, ఒక బిల్కీస్. ఆదిలాబాద్ పత్తి హమాలీలు, మిల్లు కూలీలు నెలకు వంద చొప్పున వేసుకుని నడుపుకునే ఆరోగ్య నిధికి లెక్కలు రాసేది ఆమే.

"వసూలు పన్నెండున్నర, దవాఖాన ఖర్చు నాలుగే! గిట్ల ఎవలన్న నడిపిండ్రా?" అన్నాడు కైలాసం మీసం దువ్వుతూ.

"సభ్యులను గూడ సూడన్నా. పోయినేడు పదకొండు వందల ఎనభై. గిప్పుడు తొమ్మిది వందల అరవై నాలుగు. వెయ్యికి తగ్గితే కరీంనగర్ దవాఖానోళ్లు ఒప్పందం రాయరు. ఆదివారం మీటింగు కల్లా ముప్పై ఆరు మంది చేరకపోతే నిధి మూతే," అంది బిల్కీస్.

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం బిల్కీస్‌కు లేకపోలేదు. కానీ ఏడేళ్లుగా ఒక్కో కార్డూ తన చేత్తో రాసిచ్చింది. మూత అన్న మాటకే ఆమెకు ఏడుపొచ్చింది.

మానేసినవాళ్ల పేర్లు తీసి చూస్తే, దాదాపు అందరూ ఎప్పుడో ఒకసారి నిధితో వైద్యం చేయించుకున్నవాళ్లే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే కాదా! మరునాడు పొద్దున్నే ఆమె రాజక్క ఇంటికి నిలదీయడానికే వెళ్లింది. జిన్నింగు మిల్లులో పనిచేసే రాజక్క రెండేళ్ల కింద కడుపులో రాళ్లు తీయించుకున్న మనిషి. ఇప్పుడు ఒక కంటికి పొర కమ్మి, బియ్యం చాటను ముక్కు దాకా తెచ్చుకుని ఏరుతోంది.

"ఎందుకు బంద్ చేసినవ్ రాజక్కా? మేమేం తక్కువ చేసినం?"

"అయ్యో, తక్కువేంది బిడ్డా! ఒకపారి ఎత్తుకుంటిని గదా. మిగిలిన కిస్తులు దసరా దాక తప్పకుంట కట్టిన. ఇగ చిట్టీ అయిపాయె."

"ఏం చిట్టీ?"

"గదే, రోగాల చిట్టీ."

"మరి నీ కన్ను?"

"ఒక పేరు మీద ఎన్నిపార్లు ఎత్తుకుంటరు? మల్ల అడిగితే నలుగురిల ఇజ్జత్ పోదా?"

పక్కింటి ముత్యం వాచిన మోకాలు రుద్దుకుంటూ గోడ మీది నుంచి అందుకున్నాడు. "నేనైతే ఇంక ఎత్తుకోలే. ఆఖరికి ఎత్తుకుంటే ఎక్కువస్తది గదా!"

బిల్కీస్ అక్కడే అరుగు మీద కూలబడింది. మిగులు ఎక్కడిదో తెలిసిపోయింది. ఎత్తుకున్నవాళ్లు మర్యాదగా తప్పుకున్నారు, ఎత్తుకోనివాళ్లు నొప్పులు దాచుకుని కూర్చున్నారు. ఏడేళ్లలో విడమరిచి చెప్పాలని తనకు తట్టనందుకు ఆమెకు సిగ్గేసింది.

ఆదివారం మిల్లు షెడ్డులో మీటింగుకు మానేసినవాళ్లను కూడా బతిమాలి పిలిచింది. నివేదిక పక్కన పెట్టేసి మైకు పట్టుకుంది.

"గిది చిట్టీ కాదు. రోగం ఎన్నిపార్లొస్తే అన్నిపార్లు నిధి కడ్తది. ఆఖరి దాక ఆగితే ఎక్కువ రాదు, మనిషే ఖరాబైతడు."

అప్పుడు వేదిక మీద కైలాసం మెల్లగా లేచాడు.

"నిజమేనా బిల్కీసూ? మా ఇంటామె చెయ్యి ఇరిగినప్పుడు నేను ఎత్తుకుంటిని. అందుకే రెండేండ్ల సంది నా హెర్నియాను పంచె కింద బిగగట్టుకొని తిరుగుతున్న."

నియమాల పుస్తకం ఆయన బీరువాలోనే ఉంది, తెరిస్తే కదా! నవ్వులకు షెడ్డు రేకులు అదిరాయి. ఆ నవ్వుల్లోనే జనం బల్ల చుట్టూ మూగారు. సాయంత్రానికి సభ్యత్వానికి తొంభై ఒక్క దరఖాస్తులు వచ్చాయి. నిధి నిలిచింది.

కైలాసానికి మాత్రం బెంగ తీరలేదు. "గిందరం చేయించుకుంటే వచ్చేడు ఏం మిగులుతదే?"

"ఏం మిగలొద్దు," అంది రాజక్క. "నా కన్ను, ముత్యం మోకాలు, నీ పంచె కిందిది, అన్నీ అయినంక ఏమన్న ఉంటే సూద్దాం."

బిల్కీస్ నవ్వు ఆపుకుంటూ పుస్తకంలో రాజక్క పేరు మళ్లీ ఎక్కించి, దాని పక్కనే కరీంనగర్ వెళ్లాల్సిన తేదీ రాసింది.