గీత దాటిన డాక్టరు

డాక్టర్ ఆర్లో పెండర్‌గాస్ట్ చేతిలో మందుల సంచి, కడుపులో మంట. రెండేళ్ల కిందటిదాకా మారిస్‌బర్గ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కోచ్. వైద్యం పాసయ్యాక కోచ్ పని పోయి కోత పని వచ్చింది. జట్టు పోయింది గానీ పట్టు పోలేదు. శనివారం శనివారం జట్టు డాక్టరుగా మైదానం పక్కన బల్ల మీద కూర్చుని, కొత్త కోచ్ క్లైడ్ రాస్టర్ గెలిచిన ప్రతి ఆటకీ ఒక గుక్క చేదు మింగుతున్నాడు. ఎత్తులన్నీ తనవే. రాస్టర్ వాటికి కొత్త పేర్లు పెట్టి, పేరు తను కొట్టేశాడు.

ఆ రోజు రెండు జట్లూ సమానంగా ఉండగా, జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ వెండెల్ బంతి చంకన పెట్టుకుని దూకి నలుగురి కింద పడ్డాడు. లేవలేదు. అప్పటి నియమాల ప్రకారం ఆట సాగుతుండగా కోచ్ సలహా చెప్పకూడదు, గీత దాటకూడదు. డాక్టరు దాటొచ్చు. ఒకసారి బయటికొచ్చిన ఆటగాడికి ఆ రోజు మళ్లీ ఆట లేదు.

"వాణ్ణి తీసెయ్యకండి డాక్టర్," రాస్టర్ పళ్లబిగువున అన్నాడు. "వాడు లేకపోతే ఓడిపోతాం."

ఆ ముక్క పెండర్‌గాస్ట్ చెవిలో చక్కెర పోసినట్టుంది. దాంతో తన తీర్పు మీద తనకే అనుమానం పట్టుకుంది.

వెళ్లి వెండెల్ కనురెప్పలెత్తి చూశాడు. "ఏ ఊళ్లో ఉన్నావురా?"

"మారిస్‌బర్గ్."

"నీ కోచ్ ఎవరు?"

వెండెల్ నవ్వాడు. "అదేంటి సార్, మీరేగా."

గుండెకి ఒప్పు, బుర్రకి తప్పు. ఒప్పనుకుంటే వాణ్ణి ఆడించాలి. ఇంకోసారి వినాలనిపించి అడిగాడు. అదే జవాబు. చెయ్యెత్తి స్ట్రెచర్ పిలిచాడు.

"డాక్టరుగారూ, దెబ్బ వాడికా, మీకా?" జనంలోంచి ఎవడో అన్నాడు.

రాస్టర్ మొహం కందగడ్డయింది. "కుళ్లుతో చేశారు."

"కుళ్లుంది, కాదనను. కానీ వాడి బుర్ర అదిరింది. కోచ్ ఎవరో తెలియట్లేదు."

"ఎవరని చెప్పాడు?"

"ఎవరి పేరో అన్నాడు. నీది మాత్రం కాదు."

ఆట మళ్లీ మొదలైంది. బల్ల మీద దుప్పట్లో పడుకున్న వెండెల్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడేం ఆడమంటారు సార్?"

పెండర్‌గాస్ట్ అటూ ఇటూ చూశాడు. రాస్టర్ ఇటు తిరగలేదని రూఢి చేసుకుని, వాడి చెవి దగ్గరికి వంగాడు.

"కుడిపక్కనించి పోరా. నేను చూస్తుంటా."