ముత్తాత మేకను కట్టేసిన ఒడ్డు

మనిషి ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఎవరిని పెళ్ళాడాడు అనేవి చిల్లర సంగతులు. అతని ముత్తాత తన మేకను నదికి ఏ ఒడ్డున కట్టేశాడన్నదే నాగరికతకు మూలాధారమైన ప్రశ్న. మా రౌసెన్‌మాట్ గ్రామంలో ఈ సత్యానికి చట్టబద్ధత కూడా ఉంది. మా గుర్తింపు కార్డుల మీద పుట్టిన ఊరు వేయరు. వంశం ఏ ఊరిదో ఆ ఊరు వేస్తారు. ఆ ఊరిని మనం జన్మలో చూసి ఉండనక్కరలేదు. అది మనల్ని చూడకపోయినా బెంగపెట్టుకోదు.

లియోంట్స్ ఆబెగ్ ముత్తాత తన మేకను అవతలి ఒడ్డున, అంటే ష్వెండెగ్‌లో, కట్టేశాడు.

ఈ దుర్ఘటన తీవ్రత బోధపడాలంటే రౌసా నదీలోయ స్వరూపం కొంత తెలియాలి. ఎండ పడే ఒడ్డు మాది. నీడ పడే ఒడ్డు వాళ్ళది. చలికాలమంతా సూర్యుడు కొండ వెనకనుంచే నడిచిపోయి ష్వెండెగ్ ముఖం చూడడు. ఇందులో మా గొప్పతనం ఏమీ లేదని వాళ్ళంటారు. సూర్యుడంతటి వాడికి ఆ మాత్రం వివేకం ఉండదా అని మేమంటాం. ఇక చరిత్ర. రోమన్ సైన్యాలు మా లోయగుండా ఎక్కడా ఆగకుండా సాగిపోయాయి. ఆ సంప్రదాయాన్ని నేటికీ ఎక్స్‌ప్రెస్ రైళ్ళు భక్తిశ్రద్ధలతో కాపాడుతున్నాయి. ఆ తరువాతి యుగంలో, వరదకు కొట్టుకొచ్చిన ఒక దేవదారు దుంగ ఎవరిదన్న విషయమై రెండు గ్రామాలకూ ఘోర సంగ్రామం జరిగింది. ఇరుపక్షాలకూ కలిపి ఒక ఆవు కుంటిదైంది. వీరులు కలియబడి ఉండగా దుంగ తన మానాన తాను కిందికి తేలిపోయింది.

ఈ ఘనచరిత్రను గ్రంథస్థం చేసినవాడు లియోంట్సే. ప్రయాణికుడు మీట నొక్కితే తప్ప రైలు ఆగని మా స్టేషన్‌కు మాస్టరుగా చేసి రిటైరైనవాడు కనుక, ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఆ తరువాతా ఆయనకు తీరికకు లోటు లేకపోయింది. దుంగ సంగ్రామాన్ని ఆయన ఎంత ఉద్వేగంతో వర్ణించాడంటే, చదివినవాళ్ళకు ఆవు మీద కన్నీళ్ళు ఆగవు. ష్వెండెగ్‌వాళ్ళను ఆయనంత ఇంపుగా తిట్టగలవాడు ఈ ఒడ్డున మరొకడు లేడు. ఆ ఊళ్ళో ఆయన కాలుమోపింది జీవితంలో ఒక్కసారి. అదీ బస్సులో నిద్రపోయి, దిగవలసిన చోటు దాటిపోయినందువల్ల.

ప్రతి వసంతంలోనూ మా ఊరంతా కలిసి సరిహద్దు రాళ్ళ వెంట నడుస్తుంది. జెండా పట్టుకుని ముందు నడిచే హక్కు ఈ ఊరి వంశాలది. తక్కినవాళ్ళు సాసేజ్‌ల సంచులు మోస్తూ వెనక రావాలి. లియోంట్స్ తండ్రి ఆ సంచి మోస్తూనే ముసలివాడై పోయాడు. తండ్రి భుజం ఖాళీ అయిన మరు వసంతంలో సంచి కొడుకు భుజానికెక్కింది. రాయి వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు నదికి అవతల చెయ్యి చూపించి, "లియోంట్స్ మామా, అదుగో మీ ఊరు! ఓ కేకెయ్యి, పలుకుతారేమో!" అనడం మా ఆచారం. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు ఇల్లు చేరేసరికి ఏమయ్యేదో ఆయన భార్య ఒత్తీలియాకు తెలుసు.

ఈ ఏడు నడక దగ్గర పడుతుండగా ఆయన గ్రామసభకు అర్జీ పెట్టుకున్నాడు. తన వంశాన్ని ఈ ఊరి వంశంగా స్వీకరించాలి. తాను ఒక్కసారైనా జెండా పట్టాలి. అర్జీకి బలం చేకూర్చడానికి గ్రంథానికి ఒక కొత్త అధ్యాయం చేర్చి, ఇంటింటికీ ఉచితంగా పంచాడు. ఊళ్ళో ప్రతి గడపతోనూ తనకు చుట్టరికం ఉందని అందులో నిరూపించాడు. ఒకరికి వేలువిడిచిన మేనమామ. ఒకరికి పెత్తల్లి ఆడపడుచుకు మరిది. మరొకరికి, వాళ్ళ తాత అతి జాగ్రత్తగా దాచుకున్న ఒక కారణం వల్ల, అంతకంటే దగ్గర. మా ఇంటికి ఆయన ఏమవుతాడో తేలిన రోజున మా అమ్మ భోజనం చేయలేదు.

సభ బడి వ్యాయామశాలలో జరిగింది. బాస్కెట్‌బాల్ బుట్టకు సరిగ్గా కింద, ఆ బుట్టే కిరీటమన్నట్టుగా, అధ్యక్షురాలు రెగూలా ఇండర్‌మౌర్ ఆసీనురాలైంది. పెళ్ళినాడు "సమ్మతమేనా?" అని పాదిరి అడిగితే, ఏ నిబంధన కింద అడుగుతున్నారో చెప్పమన్న మనిషి ఆమె.

"తరవాతది ఆబెగ్ గారి అర్జీ," అంది రెగూలా. "ఓటింగప్పుడు అర్జీదారూ, ఆయన బంధువులూ హాల్లో ఉండకూడదు. ఆబెగ్ గారూ, మీ బంధువులెవరో చెప్పండి."

పక్కనే కూర్చున్న ఒత్తీలియా తమ్ముడు, పాలకేంద్రం నడిపే బేయాట్, లియోంట్స్ కోటు అంచు పట్టి లాగాడు. "బావా, అక్క పేరూ నా పేరూ చెప్పి కూచో. నీకు దణ్ణం పెడతాను."

లియోంట్స్ లేచి సభను కలయజూశాడు. చాలామంది ఒళ్ళో ఆయన పుస్తకం ఉంది. బల్లలు గట్టివి కావడంతో కొందరు దానిమీద కూర్చున్నారు కూడా. అంతటి అధ్యాయం రాసిన చేత్తో చుట్టాలను ఇద్దరికి కుదించడం ఏ చరిత్రకారుడికి సాధ్యం?

"అందరూ," అన్నాడు.

"అందరూ అంటే?"

"అందరూనండీ. నిరూపించాను గదా!"

"నీ దుంప తెగ," అన్నాడు బేయాట్, బావగారన్న గౌరవంతో మెల్లగా.

రెగూలా సభవైపు తిరిగింది. "పుస్తకంలో ఉన్నది తప్పని ఎవరైనా అంటారా?"

ఎవరూ అనలేదు. తప్పనాలంటే ముందు పూర్తిగా చదవాలి. పైగా సభానంతరం పోసే వైన్ అప్పటికే వసారాలో సర్ది ఉంది.

"అయితే బంధువులంతా బయటికి దయచేయండి."

"మరి తమరో, అధ్యక్షురాలుగారూ? తమరి పేరు కూడా ఉందే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఈ కుర్చీలో ఉన్నంతసేపు నాకు ఓటూ లేదు, చుట్టాలూ లేరు. నడవండి."

ఊరు ఊరంతా లేచి కదిలింది. లోపల మిగిలింది ముగ్గురు. ఓటు లేని రెగూలా. పక్క పట్నంనుంచి జీతానికి వచ్చే, ఓటు లేని గుమాస్తా. ఏడాది కిందట బాజెల్ నగరంనుంచి వచ్చి స్టేషన్ దగ్గరి కొత్త ఫ్లాట్లలో దిగిన మార్లీస్ టోబ్లర్. పెంపుడు కుక్కల పన్ను సంగతి అడగడానికి వచ్చి, ఆవిడ వెనక వరసలో కూర్చుంది. లియోంట్స్ వంశవృక్షం ఎన్ని కొమ్మలు చాచినా ఆ కొత్త ఫ్లాట్లదాకా పోలేదు. కాబట్టి రౌసెన్‌మాట్ ప్రజాస్వామ్యం యావత్తూ ఇప్పుడు ఆవిడ ఒక్కతే.

వసారాలో బేయాట్ గ్లాసు నింపుకుంటూ అన్నాడు: "బావా, లోపలున్న ఆవిడెవరో గుర్తుపట్టావా?"

"ఎవరు?"

"మొన్న వీధిలో నిలబెట్టి పాఠం చెప్పావే, ఆవిడే."

లియోంట్స్ ముఖం సున్నం కొట్టినట్టయింది. పాత పేపర్లు చెత్తబండి కోసం వీధిలో పెట్టేటప్పుడు, అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, పురికొస బిగించి కట్టాలన్నది ఈ లోయలో పసిపిల్లలకు కూడా తెలిసిన ధర్మం. మార్లీస్ వాటిని సంచిలో కుక్కి పెట్టింది. లియోంట్స్ ఆ సంచిని నలుగురి ముందూ బోర్లించి, పేపర్లు పేర్చి, కట్టి, విప్పి, మళ్ళీ కట్టి చూపించాడు.

"'మన ఊళ్ళో ఇలా కాదండీ' అని ఎన్నిసార్లన్నావు బావా!" అన్నాడు బేయాట్. "నీకే ఊరు లేకపాయె!"

"నోర్మూసుకోరా," అని తమ్ముణ్ణి కసిరి, ఒత్తీలియా భర్తవైపు తిరిగింది. "అప్పుడావిడ ఏమందండీ?"

"థాంక్స్ అంది."

"ఎలా అంది?"

"నవ్వకుండా అంది."

ఒత్తీలియా కళ్ళు మూసుకుంది. "అయిపోయింది."

"పోనీలే మామా," అన్నారెవరో వైన్ బల్ల దగ్గరనుంచి. "సంచి నీకు అలవాటేగా. ఈ ఏడు నంజుకునే ఆవ సీసా కూడా నువ్వే మోద్దువుగాని!"

లియోంట్స్ ఈసారి నవ్వలేదు. "ఇది నాన్నే అడుగుదామనుకున్నాడు," అన్నాడు గోడవైపు చూస్తూ. "నవ్వుతారని అడగలేదు."

 మేము ఇంకో గ్లాసు పోసుకున్నాం.

అయితే ఒక ఆత్మీయుడి తలరాత తేలుతుంటే బంధువులు దూరంగా నిలబడగలరా? హాలు తలుపులు రెండూ బార్లా తెరిచి, గుమ్మం అవతలే ఉన్నాం గనుక నియమం చెడలేదని ఒకరికొకరు చెప్పుకుంటూ, ఒకరి భుజాల మీదుగా ఒకరం లోపలికి తొంగిచూశాం. లియోంట్స్ మాత్రం గోడవైపే ముఖం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆబెగ్ వంశాన్ని ఈ గ్రామ వంశంగా స్వీకరించడానికి అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి," అంది రెగూలా, వేలమంది ముందు నిలబడ్డ గాంభీర్యంతో.

 కప్పునుంచి వేలాడే కసరత్తు తాళ్ళు ఊగుతున్నాయి. మార్లీస్ మావైపోసారి చూసింది. కోటు మెడ సవరించుకుంది. తరువాత, తడబాటేమీ లేకుండా, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తింది.

"ఎత్తింది!" అని బేయాట్ పెట్టిన కేకకు మేమంతా ఒకరిమీదొకరం పడి, ఆ తోపులాటలో తలుపులు ధడాలున మూసుకుపోయాయి. "వ్యతిరేకంగా ఉన్నవారు?" అన్న మాట చెక్కల వెనకనుంచి వినపడింది. బదులేమీ రాలేదు.

రెగూలా స్వయంగా బయటికి వచ్చి ప్రకటించింది: "అనుకూలం ఒకటి. వ్యతిరేకం లేదు. గ్రామం ఏకగ్రీవంగా అంగీకరించింది."

చర్చి వెనకనుంచి నాటు ఫిరంగి పేల్చారు. కొండచరియ విరిగిందేమోనని ష్వెండెగ్‌లో దీపాలు వెలిగాయి. ఎవరో జెండా తెచ్చి లియోంట్స్ చేతిలో పెడితే, ఆయన దాన్ని ఎత్తి పట్టుకోవడం మరిచిపోయి, పసిబిడ్డలా గుండెకు అదుముకున్నాడు. వెక్కిళ్ళ మధ్యనే ఉపన్యాసం అందుకున్నాడు: రెండు ఒడ్డుల వైరాన్ని ఒక పరాయి ఊరి ఇల్లాలి క్షమాగుణం జయించిందనీ, దుంగ సంగ్రామం తరువాత ఈ లోయలో ఇంతటి ఘట్టం మరొకటి లేదనీ, తన గ్రంథానికి ఇదే అంతిమాధ్యాయమనీ. మేమూ కళ్ళు తుడుచుకున్నాం. ఆయనను ఎప్పుడూ మనవాడనే అనుకున్నామని మాలో ప్రతి ఒక్కరం చెప్పాం.

ఆ తరువాత ఆయన జెండాతోసహా మార్లీస్ ముందుకు వెళ్ళి తల వంచాడు.

"అమ్మా, నేను మిమ్మల్ని వీధిలో అంత మాటన్నా మనసులో పెట్టుకోలేదు. నా కోసం చెయ్యెత్తారు. ఈ మేలు మా వంశం మరచిపోదు."

మార్లీస్ ఆయనను, జెండాను, చుట్టూ తడికళ్ళతో నిలబడ్డ మమ్మల్ని మార్చి మార్చి చూసింది.

"ఓ, అదా?" అంది. "తలుపులు తీసేశారు కదండీ, ఒకటే చలి. వేయమందామని ఎత్తాను. ఈలోగా మీవాళ్ళే వేశారు."