గడప బయట సాల్మను

దబ్బనం గోనెలోంచి అవతలికి దూరింది. సాల్మను పురికొస బిగించి లాగి, ముడివేసి, మిగిలిన కొసను కత్తితో తెంపాడు. ఒక మిరపకాయల టిక్కీకి మూతి కుట్టడం అయింది. పక్క బస్తా దగ్గరికి జరిగాడు. గుంటూరు శివార్లలోని ఆ కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఏడేళ్లుగా అతని పని ఇదే. కుడిచేతి చూపుడువేలి చివర చర్మం కాయ కాచి గోరులా తయారైంది. కనుబొమ్మల్లో ఎర్రటి దుమ్ము, మెడ మడతల్లోనూ అదే దుమ్ము. ఇతన్ని గురించి గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు. కుట్టు వదులైందని ఎవరిచేతా మాట పడలేదు, బాగా కుట్టాడని ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఆ రోజు మాత్రం చెయ్యి సాగడం లేదు. భార్య రెబ్కాకు ఆసుపత్రిలో కేన్సరు మందు ఎక్కిస్తున్నారు. ఇది ఐదో విడత. ఎప్పుడూ వెంట ఉండే మరదలు ఫెబా అంగన్‌వాడీ టీచరు. ఇవాళ మీటింగుకి రాకపోతే ఊరుకునేది లేదన్నారట. "బావా, మధ్యాహ్నం నువ్వెళ్లి అక్కని తీసుకురావాలి. లోపలికెళ్లి నర్సమ్మ చెప్పేదంతా విను. గుమ్మం దగ్గరే నిలబడి వచ్చెయ్యబాక," అని పొద్దున్నే గట్టిగా చెప్పింది.

గుమ్మం దగ్గర నిలబడటం సాల్మనుకి నాలుగు నెలలుగా అలవాటైపోయింది. మొదటి విడత మందు ఎక్కిన మర్నాడు, పనినుంచి వచ్చీ రాగానే ఆత్రంగా వెళ్లి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో ఆమె భళ్లున కక్కేసింది. "మిరప ఘాటు పడటంలా పాపం," అని చుట్టుపక్కల ఆడవాళ్లు తేల్చేశారు. ఇంకేముంది! సాల్మను తనకు తనే శిక్ష వేసుకున్నాడు. పంపు దగ్గర సున్నిపిండితో రెండేసిసార్లు ఒళ్లు తోముకునేవాడు. ఇరవై ఏడేళ్ల ఘాటు నాలుగు చెంబుల నీళ్లకు పోతుందా? తిండి వరండాలోనే, పడకా వరండాలోనే. రెబ్కా కూడా అదే కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఏళ్లు తొడిమలు తీసిన మనిషి. ఇద్దరూ ఒకే దుమ్ముతో, ఒకే ఆటోలో ఇంటికి వచ్చినవాళ్లు. అలాంటిది ఇప్పుడు ఆమె పక్కన ఒక్క పూట కూర్చుని అన్నం తినాలని అతనికి ఎంత కోరికో! పెళ్లైన కొత్తలో కూడా ఆమె కోసం ఇంతగా కొట్టుకోలేదు.

మధ్యాహ్నం పని దిగి, మొహం కడుక్కుని, వెంట తెచ్చుకున్న ఉతికిన చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. రెబ్కా తలకు గుడ్డ చుట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. సాల్మను నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు. ఆమె అతన్ని చూసి తల దించుకుంది.

నర్సు సాజిదా మాత్రల అట్ట తీసి చూపించింది. "ఏమ్మా, ఈ వాంతి మాత్రలు ఇంటి దగ్గర ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నావు?"

"వాంతి వచ్చినప్పుడండి. ఇంక తట్టుకోలేననుకున్నప్పుడు."

తొడిమలు తీసే ఆడవాళ్ల కొంగు ముడిలో తుమ్ముల మాత్ర ఒకటి ఉంటుంది. పొద్దున్నే వేసుకుంటే మత్తు వచ్చి చెయ్యి సాగదు. అందుకని కళ్లూ ముక్కూ కారి, ఇక నావల్ల కాదు దేవుడా అనుకున్నప్పుడే మింగుతారు. రెబ్కా దృష్టిలో ఏ మాత్రకైనా పద్ధతి అదే.

"మరి ఆ మాత్ర కూడా వాంతిలో పడిపోతే?" అంది సాజిదా.

"మళ్లీ రెండు వేసుకుంటానండి."

"అయ్యో నా తల్లీ!" సాజిదా ఆమె పక్కన కూర్చుంది. "ఫెబాకి చెబుతూనే ఉన్నాను గదమ్మా, తను చెప్పినా నువ్వు వినలేదన్నమాట. మొదలయ్యాక ఆపడం కష్టం, రాకముందే వెయ్యాలి. ఈ మూడు రోజులూ పొద్దున ఏడింటికొకటి, సాయంత్రం ఏడింటికొకటి. ఒంట్లో బాగున్నా సరే వెయ్యాలి. పడిపోయిందని నీ అంతట నువ్వు ఇంకోటి వేసుకోవద్దు. ఎక్కువైతే గుండెకు మంచిది కాదు. ఫోను చేసి అడగండి. మిరప పనిలో మీరంతా వేసుకునే ఆ తుమ్ముల మాత్ర ఇంకా వాడుతున్నావా?"

"పని మానేసినప్పుడే అదీ మానేశానండి."

"మంచిది. ఇంకే మందు వేసుకోవాలన్నా ముందు మాకు చెప్పాలి. మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోకండి, వెంటనే వచ్చెయ్యండి."

రెబ్కా చెప్పులు వేసుకుంటుండగా సాల్మను సాజిదా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, మరి నా ఒంటి ఘాటుకి కాదా ఆ వాంతులు?"

"కొంతమందికి వాసనలు పడవు. మీ ఆవిడకి పడదని ఎవరు చెప్పారు? ఆవిడనే అడగండి," అంది సాజిదా.

దారి పొడుగునా అడగలేకపోయాడు. ఔనంటే ఏం చెయ్యాలి?

సాయంత్రం ఏడింటికి గడప బయటినుంచే, "మాత్ర వేసుకో," అన్నాడు.

"వాంతి రావటంలా గదా," అంది రెబ్కా అలవాటుగా.

"అందుకే వేసుకోమంది ఆ అమ్మ."

వేసుకుంది. కాసేపాగి ఫెబా పెరుగన్నం మెత్తగా పిసికి అక్కకు పెట్టి, బావకు వరండాలో కంచం పెట్టింది. సాల్మను కలిపిన ముద్ద నోటికెత్తకుండా లోపలి చప్పుళ్లు వింటూ కూర్చున్నాడు. ఏ నిమిషానికైనా బకెట్టు లాగిన చప్పుడు వస్తుందని చూశాడు. రాలేదు.

"ఏమయ్యా," అని పిలిచింది రెబ్కా. "లోపలికి రా."

"కంపు కొడతానే."

"ఎవరన్నారు?"

"ఆ రోజు నేను కూర్చోగానే కక్కావు గదే."

లోపల రెబ్కా మంచం మీద లేచి కూర్చున్న చప్పుడైంది. "నీ వల్లనుకున్నావా? ఓరి దేవుడా, నాలుగు నెలలు! ఈ రోగిష్టి మొహం, ఈ బోడిగుండు చూళ్లేక బయట పడుకుంటన్నావనుకున్నానయ్యా నేను."

సాల్మను కంచం పట్టుకుని లోపలికి వెళ్లాడు. రెబ్కా తలగుడ్డ తీసేసింది. కంచం మంచం మీద పెట్టి, ఎడమచెయ్యి ఆమె తల మీద వేసి, కుడిచేతిలో ముద్ద అలాగే ఉంచుకుని, సాల్మను పసివాడిలా ఏడ్చాడు.

"చాల్లే, తిను. ఎండిపోద్ది," అంది రెబ్కా. తన ముక్కు కొంగుతో తుడుచుకుంది. ఇద్దరూ తిన్నారు.

ఆ రోజునుంచి అతని కంచం లోపలే. ఆరో విడతకు వాంతులు పెద్దగా కాలేదు, రెండు పూటలా నాలుగు ముద్దలు నిలిచాయి. కానీ జబ్బు అప్పటికే కాలేయానికి పాకిపోయింది. దాన్ని ఆపడం వాంతి మాత్ర పని కాదు గదా. మే నెలలో ఒక ఆదివారం పొద్దున, చర్చి మైకులో పాట వినబడుతుండగా, సాల్మను భుజానికి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే రెబ్కా వెళ్లిపోయింది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు ఫెబా పరుపు ఎండలో వెయ్యబోయి దిండు ఎత్తింది. "బావా, ఇదేంటి?" అంది.

పనిలో సాల్మను ముక్కుకి అడ్డం కట్టుకునే గళ్ల తువ్వాలు. అతను వరండాలోకి మారిన వారంలోనే అది దండెం మీదనుంచి మాయమైంది. ఎవరో ఎత్తుకుపోయారనుకుని తిట్టుకుంటూ ఇంకోటి కొనుక్కున్నాడు. రెబ్కా దాన్ని ఉతకలేదు. నాలుగు మడతలు పెట్టి ఉన్న ఆ తువ్వాలు ఆమె తల బరువుకు మధ్యలో నలిగిపోయి ఉంది, మడతల్లో మిరప దుమ్ము ఇంకా ఎర్రగానే ఉంది.