మాస్టారు ఊదిన చాంటర్

మా ఆయనకి తిట్లు మరిచిపోయే గుణం లేదు. పొగడ్తలంటారా, మరిచిపోవడానికి ముందు ఎవరైనా పొగడాలి కదా.

పెళ్ళికి ముందు ఈయన బ్యాండులో బ్యాగ్‌పైపు వాయించేవాడు. చంకలో తోలుసంచీ ఇరికించుకుని, దానిలోకి గాలి ఊదుతూ వాయిస్తారే, అది. ఆ సంచీ కింద వేలాడే గొట్టాన్ని చాంటర్ అంటారు. వేళ్ళు ఆడేది దాని రంధ్రాల మీదే, పాటంతా వచ్చేది దాన్లోంచే. ఈయన స్వయంగా ఒక చాంటర్ చేసి బ్యాండు మాస్టారు చేతిలో పెట్టాడట. ఆయన ఒక్కసారి ఊది, "దీంతో కుక్కల్ని తోలుకోవచ్చు. నువ్వెళ్ళి మంచం కోళ్ళు చేసుకోరా" అన్నాడట. బ్యాండు బ్యాండంతా ఘొల్లుమంది. ఈయన ఆ పూటే యూనిఫాం విప్పేసి, నిజంగానే మంచం కోళ్ళు చేసే షాపులో టర్నరుగా చేరాడు. పౌరుషమంటే అలా ఉండాలి మరి, కడుపు మాడినా సరే.

అప్పట్నుంచి షాపు నుంచి రాగానే వెనక గదిలో, కర్రని గిర్రున తిప్పే పాత లేత్ ముందు కూర్చోవడమే పని. నల్ల చేవ కర్ర తెచ్చి, చిత్రిక పట్టి, తొలిచి, ఊది, నచ్చక గొడ్డలితో చీల్చి పొయ్యి కింద పెట్టడానికి నాకిచ్చేవాడు. ఆ కర్ర పొట్టు మా కూరల్లో పడింది, దుప్పట్లలో దూరింది, చివరికి ఈయన ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, తన చాంటర్ తాను ఊదుకునే దమ్ము లేదు. ఎందుకండీ ఈ గోల అంటే ఒకటే మాట.

"ఆయన నోట 'బాగుంది' అనిపించుకోవాలే. ఒక్కసారి."

ఆ ఒక్కసారి కోసమే తన చాంటర్‌ని వేలానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. చనిపోయిన బ్యాండు వాళ్ళ కుటుంబాలకి సాయం చేసే సంఘం ఒకటుంది. జనం ఊరికే ఇచ్చిన వస్తువులతో వాళ్ళు ఫోన్లో చూసేలా ఆన్‌లైన్ వేలంపాట పెట్టారు. వాయిద్యాలేమైనా వస్తే మాస్టారే కెమెరా ముందు వాయించి చూపిస్తాడు. ఇచ్చినవాళ్ళ పేరు అమ్ముడయ్యాకే చదువుతారు.

"చేసింది నేనని తెలీకుండా ఊదుతాడు. ఇంక అబద్ధమెలా ఆడతాడు?" అన్నాడు మా ఆయన. ఆ ముఖంలో అంత వెలుగు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. నాకు కుళ్ళు పుట్టింది కూడా.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం నా ఫోన్ ముందు కూర్చున్నాం. పింగాణీ సామాను, గడియారాలు అమ్ముడయ్యాక మేం చాంటర్ పంపిన పెట్టె తెరిచారు. మాస్టారు ముసలివాడయ్యాడు కానీ మీసం తగ్గలేదు. చాంటర్‌ని తన సంచీకి బిగించి, చిన్న ముక్క వాయించి ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు. కళ్ళు మూసుకుని పాట మొత్తం వాయించాడు. ఆపి, దాన్ని కిందా మీదా తిప్పి చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు. మా ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు విరిగింది.

"ఇది నేనే పాడుకుంటాను" అని మాస్టారు వేలంలో మొదటి పాట తనే పాడాడు. ఆయన ఒక ధర చెప్పాక ఇంక ఎవరు పెంచుతారు? మర్యాదకి అందరూ ఊరుకున్నారు. వేలం నడిపే గుమాస్తా "ఒకటోసారి" అన్నాడు.

అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. మా ఆయన ముఖం చూస్తే మాడిపోయి ఉంది.

"మంచం కోళ్ళ జత ధరే అది! నా చాంటర్‌కి?"

"ధరతో మనకేం పనండీ? ఆయన కొంటున్నాడు కదా!"

"పనితనం తెలిసినవాడు అంత చవగ్గా కొంటున్నాడంటే, అది చవకదనేగా?"

నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. ఆ వేలంలో అందరికీ ముద్దుపేర్లే. నేను సరదాకి 'వానచినుకు' అని పెట్టుకున్నాను. ఆ వానచినుకు పాట పెంచింది. మాస్టారు కనుబొమ్మలు ఎగరేసి, తనూ పెంచాడు. మా ఆయన చిన్నపిల్లాడిలా కేరింత కొట్టాడు. మళ్ళీ పెంచాడు. మాస్టారు మళ్ళీ. ప్రతి పెంపూ ఈయనకి ఒక 'బాగుంది'లా వినిపిస్తోంది. ఇన్నేళ్ళ ఆకలి మరి, ఒక్క ముద్దతో ఆగుతుందా? లేత్ మోటారు మార్చడానికి దాచిన డబ్బు దాటిపోయింది. నేను ఫోన్ కోసం పెనుగులాడుతున్నాను, ఈయన భుజం అడ్డం పెట్టి, "ఇంకొక్కటే, ఇంకొక్కటి పెంచుతాడు చూడు" అంటున్నాడు.

పెంచలేదు. మాస్టారు చాంటర్‌ని గుడ్డతో తుడిచి, "నా దగ్గర ఇంక లేదయ్యా. ఆ వానచినుకు అమ్మాయెవరో అదృష్టవంతురాలు" అన్నాడు. నిజంగా ఆశపడ్డాడు, ఆ సంగతి నేను ఒప్పుకోక తప్పదు.

గుమాస్తా పేర్లు చదివి, కొన్నవాళ్ళు మాట్లాడొచ్చని మా మైకు తెరిచాడు. ఇచ్చింది భర్త, కొన్నది భార్య, ఇల్లు ఒకటే. ఫోన్ తెర మీద చిన్న చిన్న గళ్ళల్లో ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. మాస్టారు నవ్వలేదు. కెమెరాలోకి తేరి చూశాడు.

"వాడా? నన్ను ఆడించడానికి పెళ్ళాం చేత పాడించాడా? వస్తువుకి వంక పెట్టలేను. చేసిన వెధవ బుద్ధే ఇంతకాలమైనా బాగుపడలేదు."

మా ఆయన నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. ఆ దగ్గు కూడా అందరికీ వినిపించింది.

మర్నాడు ఈయన, చాంటర్ ఊరికే ఇచ్చేస్తానని మాస్టారుకి ఫోన్ చేశాడు. మాస్టారు ఎత్తలేదు. నేను అప్పు చేసి సంఘానికి డబ్బు కట్టాను. చాంటర్ మాత్రం మాస్టారు దగ్గరే చాలా రోజులుండిపోయి, చివరికి గుమాస్తా చేతుల మీదుగా ఇంటికొచ్చింది. గుమాస్తా కాఫీ తాగి, లేత్ గది వైపు చూస్తూ నీళ్ళు నమిలాడు.

"ఒక చిన్న సంగతండీ. మాస్టారు దీని కొలతలన్నీ తీయించుకున్నారు. కొత్త టర్నరుతో బ్యాండు మొత్తానికీ ఇలాంటివే చేయిస్తున్నారు. అన్నీ కుదిరాయి కానీ పై స్వరమొక్కటే కీచుమంటోందట. ఆ పై రంధ్రం లోపల మీరేం చేశారో కనుక్కు రమ్మన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గుండాలయ్యా మీకు! అంతమందిలో వెధవ అని, ఇప్పుడు..."

"నువ్వుండవే" అన్నాడు మా ఆయన. కుర్చీ గుమాస్తా దగ్గరికి లాక్కున్నాడు. "మాస్టారే అడిగారా? ఆయన నోటితోనే?"

"ఆయనేనండీ."

ఇక ఆగలేదు. చిన్న వంకర కత్తి తెచ్చి చూపించాడు. రంధ్రంలోంచి దాన్ని ఎలా దూర్చాలో, లోపలి అంచుని పైవైపుకి ఏటవాలుగా ఎలా గీకాలో, ఎక్కడ ఆపాలో, ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ పూస గుచ్చినట్టు చెప్పాడు. పొయ్యిలో పెట్టిన అన్ని కర్రల్లోంచి నేర్చుకున్నదంతా ఆ ఒక్క కాఫీ సేపట్లో ధారపోశాడు. ఆఖరికి కత్తి కూడా ఇచ్చేశాడు.

"నేను చెప్పానని చెప్పండి మాస్టారుకి. పై స్వరం పలికాక ఏమన్నారో నాకొక్క ఫోన్ చేయండి."

గుమాస్తా మంచివాడే. కత్తిని రుమాల్లో చుట్టుకుంటూ తల దించుకున్నాడు.

"కనుక్కు రమ్మన్నారు కానీ, వాడి పేరు మాత్రం నా ముందు ఎత్తొద్దన్నారండీ."

మా ఆయన తలూపాడు. "పోనీ, పలికిందో లేదో అదైనా చెప్పండి" అని గుమాస్తాని గుమ్మం దాకా సాగనంపాడు.