గంజి పట్టించిన సంచి

సంచిని తిరగేసి దండెం మీద వేస్తుంటే చేతికి జిగట తగిలింది. మామ గొర్రెల మంద దగ్గరి నుంచి రాగానే రోజూ పొద్దున నేను చేసే మొదటి పని ఇదే. ఆయన రాత్రి పడుకునే సంచి లోపలి వైపు బయటికి తీసి ఆరేశాకే పొయ్యి దగ్గరికి పోతాను. నాలుగు రోజులు అయిజలో మా అమ్మ దగ్గర ఉండి నిన్న సాయంత్రమే వచ్చాను. నేను పోయిన రోజు రాత్రే వానలు మొదలయ్యాయి. ఇంకా పట్టు విడవలేదు.

వేళ్లు వాసన చూసుకున్నాను. చింతగింజల గంజి.

సంచి బయటి వైపంతా పూశారు. కుట్ల దగ్గర ముద్దలు ముద్దలుగా ఉంది. మూతి దగ్గర చీమలు పట్టాయి. లోపలి వైపు పిండితే నీళ్లు కారేటట్టుంది. పంచలో కూర్చున్న మామ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. దగ్గితే భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి.

ఆ సంచి మా ఇంటికి తెచ్చింది నేనే. మా తమ్ముడు శ్రవణ్ హైదరాబాదులో ఒక దుకాణంలో పనిచేస్తాడు. సెలవు రోజుల్లో గుట్టలెక్కి, అడవుల్లో ఆరుబయట పడుకోవడానికి పోయేవాళ్లకు కావలసిన సామాను ఆ దుకాణంలో కిరాయికి ఇస్తారు. ఈ మాట చెప్పినప్పుడు మా అత్త తిమ్మమ్మ నమ్మలేదు. ఇల్లు ఉండి కూడా ఆరుబయట పడుకుంటారా, దానికి వాళ్లే పైసలిస్తారా అని రెండుసార్లు అడిగింది. కాళ్ల దగ్గర చిరిగి అతుకు వేసిన సంచి ఒకటి కిరాయికి పనికిరాదని పక్కన పెడితే, శ్రవణ్ యజమానిని అడిగి తీసుకొచ్చాడు. రోజూ బయట పడుకునే మనిషి నాకు తెలిసి మీ మామ ఒక్కడే అక్కా అన్నాడు.

అది మనిషి పొడవున ఉండే ఆకుపచ్చ సంచి. కాళ్ల వైపు సన్నం, తల వైపు వెడల్పు. జిప్పు ఉంటుంది, దారం లాగితే మూతి దగ్గరికి వస్తుంది. డేరా అక్కర్లేదు, గుంజలు అక్కర్లేదు. నేల మీద పరిచి, లోపల పొడి గొంగడి వేసుకుని దూరితే చాలు. పైన వాన పడ్డా లోపలికి రాదు. మడిస్తే చెంబంత అవుతుంది. వానలో తడిసిన గొంగడి ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుసు.

శ్రవణ్ నాకు ఒక్కటే గట్టిగా చెప్పాడు. ఎంత వానొచ్చినా మూతి పూర్తిగా బిగించొద్దు, గాలికి వీపు పెట్టి పక్కకు తిరిగి పడుకుని, ముక్కు దగ్గర పిడికిలి పట్టేంత సందు ఉంచాలి. లేకపోతే మూతపెట్టిన గిన్నెకు లోపల నీళ్లు పట్టినట్టు మనిషి ఊపిరే లోపల నీళ్లవుతుంది. ఆ మాట నేను మామకు చెప్పాను. మామ తలూపాడు. అప్పటికి ఇంకా ఎండాకాలమే.

మాది గట్టు మండలంలో చిన్న ఊరు. గొర్రెలు కాసే కురుమలం. విత్తనాలకు ముందు రైతులు ఎరువు కోసం తమ మెట్ట చెల్కల్లో మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు ఆ చెల్కలోనే ఉంటాయి. వాటి పక్కన ఇంటి మనిషి ఒకరు పడుకోవాలి. పగలు గొర్రెలను మేపేది నా భర్త కురుమూర్తి. రాత్రులు తండ్రీ కొడుకులు వంతులు వేసుకునేవాళ్లు, ఒక రాత్రి ఆయన, ఒక రాత్రి మామ.

పోయిన వానాకాలం మామ తన వంతు రాత్రి తడిసి నెమ్ము చేసి, రాయచూరు దవాఖానలో పడ్డాడు. ఇంటికి పంపుతూ డాక్టరు మా అందరినీ పిలిచి చెప్పాడు. ఛాతీ పాడైంది, ఇంకోసారి ఇట్లా తడిసి నెమ్ము చేస్తే మనిషి దక్కడని. ఆ మాట అక్కడున్న నలుగురం విన్నాం. నేను సంచి కోసం తమ్ముణ్ణి అడిగింది అందుకే.

సంచి వచ్చిన రోజు పక్క మంద రాములు వచ్చి చూసి, వెంకటన్న మామా, నువ్వు దీంట్ల జొరబడి పండుకుంటే పొద్దుగాల ఎరువు బస్తా అనుకోని బండికెత్తుతరు అని నవ్వించాడు. అత్త మాత్రం నవ్వలేదు. బతికి ఉన్న మనిషిని మూట కట్టినట్టుంది అని లోపలికి పోయింది. మామకు నచ్చింది. మొదటి రాత్రి పడుకుని వచ్చి, వీపుకు చలిగాలి తగల్లేదు బిడ్డా అని నాతో చెప్పాడు.

నచ్చింది ఇంకొకరికి కూడా. నాలుగు రాత్రులు తిరక్కముందే కురుమూర్తి తన వంతు మానేశాడు. నాయినకు సంచి ఉంది కదా, నాకు లేదు కదా అన్నాడు. మొదట నవ్వుతూ అన్నాడు. తర్వాత నవ్వు కూడా లేదు. చీకటి పడగానే గొర్రెలను చెల్కలో తోలి, రాములును చూస్తుండమని చెప్పి ఇంటికి వచ్చేవాడు. మామ సంచి చంకలో పెట్టుకుని పోయేవాడు. ఈయన తిని, హోటల్ దగ్గర టీవీ చూసి వచ్చి, రేకుల కింద కాళ్లు చాపి పడుకునేవాడు. నేను రెండు మూడుసార్లు అడిగాను. ఎండాకాలమే కదా, వానలు రానీ అన్నాడు.

వానలు వచ్చాయి.

పొడి చొక్కా ఇచ్చి, వేడి జొన్న గటక ముందు పెట్టి, సంచికి గంజి ఎందుకు పట్టించావని మామను అడిగాను. మామ గిన్నెలోకి చూస్తూ చెప్పాడు.

"లోపటికి నీళ్లొస్తున్నయ్ బిడ్డా. నువ్వు ప్రేమతోని తెప్పిస్తివి, కారుతుందని నీకెట్ల చెప్పాలె?"

నేను సంచిని గుంటలాగా పట్టుకుని చెంబెడు నీళ్లు పోశాను. ఒక్క చుక్క కిందికి దిగలేదు. మూతి తెరిచిపెడుతున్నావా మామా అని అడిగాను. మామ రెండు చేతులూ తల మీదికి తెచ్చి, గొంగడి ముసుగు లాక్కున్నట్టు చూపించాడు. మొకం మీద వాన పడుతుంటే ఎట్లా తెరిచిపెడతానన్నాడు. జిప్పు గుంజి, దారం గుంజి, తల లోపలికి పెట్టుకుని ముడుచుకున్నాడట. చిన్నప్పటి నుంచి గొంగట్లో అట్లాగే పడుకున్న మనిషి. గొంగడి ఊపిరిని బయటికి పోనిస్తుంది. ఈ సంచి బట్ట కూడా కొంత పోనిస్తుందని శ్రవణ్ చెప్పాడు. గంజితో ఆ కొంత కూడా మూసుకుపోయింది. నాలుగు రాత్రులు మామ తన ఊపిరిలోనే తడిశాడు.

గంజి పట్టించమని ఎవరన్నారని అడిగితే, మామ వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మొదటి రాత్రి తడిసినంక కురుమూర్తికి చెప్పిన. గొంగడికి పట్టిస్తం గద, గట్లనే చింతగింజల గంజి పట్టియ్యి, నీళ్లు జొరబడయి అన్నడు."

గొంగడికి గంజి పట్టించడం మా ఇళ్లల్లో అందరికీ తెలిసిన పనే. చింతగింజలు వేయించి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి పూస్తే ఉన్ని బిగుసుకుని వాన జారిపోతుంది. మామకు ఆ ఆలోచన వస్తే నాకు కోపం వచ్చేది కాదు. నాకు కోపం వచ్చింది మొదటి రాత్రి అన్న మాటకు. తండ్రి తడుస్తున్నాడని కొడుక్కి మొదటి రాత్రే తెలుసు. తెలిసి, తన వంతు తాను పోకుండా, ఉపాయం చెప్పి పడుకున్నాడు.

వంటింట్లోకి పోయాను. అత్త రొట్టె చేస్తోంది. గంజి ఎవరు కాశారని అడిగాను.

"నేనే. వాడు చెప్పిండు, చేసిన," అంది తల తిప్పకుండా.

డాక్టరు చెప్పిన మాట నీకు గుర్తు లేదా అత్తా అని అడిగాను. అత్త రొట్టెను పెనం మీద ఇంకోవైపు తిప్పింది. కొడుకును పల్లెత్తు మాట అనని మనిషి అత్త. ఆయన తిన్న కంచం ఇప్పటికీ ఆమే తీస్తుంది.

సంచిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా చేతులతో గంజి తీశాను. తీగలు తీగలుగా వచ్చింది. మధ్యాహ్నానికి మామకు జ్వరం వచ్చింది. ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసి, ఛాతీలో గురగుర వినబడుతోంది, రేపు పొద్దున్నే రాయచూరు తీసుకుపోండి అన్నాడు. పోయిన ఏడాది కూడా ఇట్లాగే మొదలైంది. మా పిల్లవాడు నా ఒళ్లో పాలు తాగుతుంటే, నా కళ్లు మామ ఛాతీ మీదే ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య తోలు లోపలికి పోతోంది.

సాయంత్రం పడమటి వైపు మబ్బు కమ్మింది. కురుమూర్తి వచ్చాడు. గొర్రెలను చెల్కలో తోలి వచ్చానని, రాములు తొందరపెడుతున్నాడని, నాయినను లేపమని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నేను చెంబు ఇవ్వలేదు.

మామకు జ్వరమని, ఈ రాత్రి నువ్వే పోవాలని చెప్పాను. పొద్దంతా తిరిగి వచ్చాను, కాళ్లు గుంజుతున్నాయి అన్నాడు. అది అబద్ధం కాదు. పగలంతా తిరిగేది ఆయనే. కానీ రాత్రంతా వానలో ఉన్న మనిషి లోపల మూలుగుతున్నాడు. సంచి ఉతికినవా, ఆరిందా అని అడిగాడు. ఆరలేదన్నాను. అట్లయితే గొంగడి కప్పుకుని పోతాడు అన్నాడు.

"నువ్వు గంజి పట్టియ్యమన్నది మొదటి రాత్రి తెల్లారి. గప్పుడే నీ నాయిన తడుస్తుండని తెలుసు నీకు. ఎందుకు పోలే?" అని అడిగాను.

"సంచి తెచ్చింది నువ్వు. నీ తమ్ముడు పట్నం నుంచి మోసుకొచ్చిండు. అది కారితె నన్నెందుకు అడుగుతవ్?"

"అది కారలే. మూతి బిగిస్తె ఊపిరే నీళ్లయితది."

ఆయన నవ్వాడు. "ఊపిరితోని తడుస్తరా మనుషులు? పదో తరగతి సదివి గిదేనా నేర్చింది?"

ఆ నవ్వు నేను భరించలేకపోయాను. పిల్లవాణ్ణి చాప మీద పడుకోబెట్టి లేచి ఎదురుగా నిలబడ్డాను. పెళ్లయిన మూడేళ్లలో ఆయన ముందు నేను గొంతు పెంచలేదు. అప్పుడు కూడా పెంచలేదు.

"నేను సంచి తెప్పిచ్చింది మామ తడువొద్దని. నువ్వు ఇంట్ల పండుకోవాలని గాదు. రాయచూరు దవాఖానల డాక్టరు చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నవ్. ఈ మనిషి చస్తే వాన చంపిందని ఊరంత అనుకుంటది. నేను మాత్రం అనుకోను."

ఆయన ముఖం ఎర్రబడింది. చేయి ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్క రాత్రికి గొర్రెలకేమీ కాదు, కుక్కలు ఉన్నాయి, రాములు ఉన్నాడు అన్నాడు. పోయిన నెల రాములు మందలోనే తోడేలు రెండు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది. కుక్కలు అప్పుడూ ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు. లోపల పడుకున్న మామకూ తెలుసు.

గొర్రెలు ఒంటరిగా ఉంటాయన్న మాట వినగానే మామ లేచి కూర్చున్నాడు. గోడ పట్టుకుని నిలబడి, కర్ర తీసుకున్నాడు. పోతాను లేరా అన్నాడు కొడుకుతో. మాట సగంలో దగ్గు వచ్చి వంగిపోయాడు. నేను పోయి రెక్క పట్టుకున్నాను. నిప్పు పట్టుకున్నట్టుంది. పాలు తాగే పిల్లవాడు లేకపోతే నేనే పోదును. చాప మీద పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఇంతవరకు ఏ ఆడమనిషీ మంద దగ్గర రాత్రి పడుకోలేదు.

కురుమూర్తి గోడ దగ్గరి నుంచి లేవలేదు. తండ్రి వైపు చూడలేదు. కాలి గోటితో నేల గీకుతున్నాడు.

అత్త వంటింట్లో నుంచి వచ్చింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. మామ చేతిలో కర్ర తీసుకుని, ఆయన భుజం పట్టి మెల్లగా మంచం మీద కూర్చోబెట్టింది. దుప్పటి కప్పింది. కొయ్యకున్న గొంగడి దించి దులిపి, తల మీద ముసుగు లాగా మడుచుకుంది. చినుకులు అప్పుడే రేకుల మీద మొదలయ్యాయి.

యాడికమ్మా అన్నాడు కురుమూర్తి. కూర్చున్న చోటు నుంచే అన్నాడు.

అత్త ఆయన పక్క నుంచే నడిచింది. ఆయన కాళ్లు అడ్డంగా ఉంటే, ఆయన ముడుచుకునేదాకా నిలబడింది. తర్వాత గడప దాటి చెల్క వైపు పోయింది.