కుర్మయ్య ఎడమ చెవి

“సాలు బిడ్డా, ఇంక సాలు!” అంది గోపమ్మ. డైవింగ్ ప్లాట్‌ఫాం మెట్ల దగ్గరున్న కొడుకు కుర్మయ్య, శాలువా కప్పుతున్నారనుకొని మెడ వంచాడు. ఈతకొలను చుట్టూ ఉన్న పాలమూరు జనం గొల్లుమన్నారు.

తెలంగాణ వచ్చాక ఆరుసార్లు రాష్ట్ర విజేత. పతకాలు వచ్చాయి గాని పథకం ఒక్కటీ రాలేదు. కొలను దొరికింది గాని కొలువు దొరకలేదు. ఇవాళ అధికారుల ముందు దూకి చూపిస్తేనే కోచ్ ఉద్యోగం. ముప్పై ఆరేళ్ల ఒంటికి మెట్లు చూస్తేనే ఆయాసం.

గొర్రెలు కాసే గోపమ్మ మాత్రం నవ్వలేదు. గొర్రెకు చెవుడొచ్చిందో లేదో చూసినట్టే, అతని వెనక ఎడమ పక్కన నిలబడి “ట్రుర్ర్” అంది. కుర్మయ్య తిరగలేదు. కుడి పక్కకు వచ్చి మళ్లీ అంది. తిరిగాడు.

“గీ చెవి ఎప్పుడు పోయిందిరా?”

“పోయినేడు. నీళ్ల దెబ్బకు లోపలి పొర చినిగింది. ఇంగోసారి దుంకితె రెండోది గూడ పోతదన్నడు డాక్టర్.”

“మరి ఎందుకెక్కుతున్నవ్?”

“కొలువుకే అమ్మా.”

“చెవులు పోయినంక పిల్లలు పిలిస్తె ఎట్ల ఇంటవ్ర కోచ్ సాబ్?”

కుర్మయ్యకు ఇంక దాచే ఓపిక లేదు. నెమ్మదిగా వెళ్లి అధికారుల ముందున్న మైకు అందుకున్నాడు.

“నవ్వినోళ్లంత జర ఇనుండ్రి. మా అమ్మ సాలన్నది. నాకు శాలువ అని ఇనబడ్డది. ఎడమ చెవి పనిచేస్తలేదు, గందుకే మెడ వంచిన. ఇగ నేను దుంకలేను సార్.”